గాంధీగారి రెండు పెన్నులు, మా పెదనాన్న ఒక పెన్ను

మొన్న హాస్టల్లో నా రూమ్మేట్ పుట్టినరోజు. వాళ్ళ అక్క పంపిన పార్సిల్ విప్పితే అందులో నల్లటి సెంటు సీసా. మూత మీద తెల్ల నక్షత్రం. నక్షత్రం అనడం కంటే గుండ్రటి ఆరు రెక్కల మంచు పువ్వు అనాలి. నేను చూసీ చూడగానే, "ఇది పెన్నుల కంపెనీ కదరా" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. "మోంట్‌బ్లాంక్ మామా ఇది. లెజెండ్. వాళ్ళు పెన్నులు కూడా చేస్తారా?"

ఆ "కూడా" దగ్గరే ఈ వ్యాసం పుట్టింది.

వందేళ్ళకు పైగా పెన్నులు చేసిన కంపెనీ, ఇరవై ఏళ్ళ కుర్రాడి నోట్లో "పెన్నులు కూడా" చేసే కంపెనీ అయిపోయింది. ఇందులో వాడి తప్పేం లేదు. మాల్‌లో గాజు అద్దాల వెనక వాడికి కనిపించింది సెంటు. పెన్ను కొనే వయసూ కాదు, అవసరమూ లేదు. మా బ్రాంచ్‌లో ఇంకు పెన్నుతో రాసేది నాతో కలిపి ముగ్గురు. అందులో ఒకడు ఇంటర్నల్స్‌కి మాత్రం జెల్ పెన్నే వాడతాడు.

ఆ రాత్రి ఆ కంపెనీ చరిత్ర చదువుతూ కూర్చున్నాను. (మరుసటి రోజు కంట్రోల్ సిస్టమ్స్ స్లిప్ టెస్టు. దాని సంగతి ఇక్కడ అనవసరం.) 1906 ప్రాంతంలో జర్మనీలో ముగ్గురు కలిశారు: ఒక బ్యాంకరు, ఒక ఇంజనీరు, ఒక స్టేషనరీ వ్యాపారి. కాసేపటికి పేరు "సింప్లో ఫిల్లర్ పెన్ కంపెనీ" అయింది, ఊరు హాంబర్గ్. మోంట్‌బ్లాంక్ అన్నది మొదట కంపెనీ పేరు కాదు, వాళ్ళు చేసిన ఒక పెన్ను పేరు. ఆల్ప్స్ పర్వతాల్లో పెద్ద శిఖరం పేరు తెచ్చి పెట్టారు. ఆ మంచు గుర్తు 1913 నుంచి ఉంది. 1924లో మైస్టర్‌స్టుక్ వచ్చింది, అంటే పనివాడి గొప్ప పనితనానికి గుర్తుగా నిలిచే వస్తువు అని. దాని పాళీ మీద 4810 అని చెక్కి ఉంటుంది. ఆ శిఖరం ఎత్తు, మీటర్లలో.

1977లో డన్‌హిల్ వాళ్ళు దీన్ని కొన్నారు. పైపులూ లైటర్లూ అమ్ముకుంటూ పైకొచ్చిన పేరు అది. తర్వాత రిషమాన్ అనే స్విట్జర్లాండ్ సంస్థ చేతిలోకి వెళ్ళింది. చవక పెన్నులు ఆపేసి ఖరీదైనవే చేయడం మొదలుపెట్టారు. 1997లో వాచీలు. 2001 ప్రాంతంలో మొదటి సెంటు. తోలు సంచులు, బెల్టులు, కళ్ళద్దాలు. 2017లో స్మార్ట్‌వాచ్, 2020లో హెడ్‌ఫోన్లు. హెడ్‌ఫోన్ల దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వొచ్చింది. పాళీకీ చెవికీ సంబంధం ఏమిటో ఆ డిజైనర్లకే తెలియాలి.

సెంటు సంగతి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడుంది. మా వాడి చేతిలో ఉన్న ఆ సీసా పాళీలు చెక్కే హాంబర్గ్ పనివాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది కాదు. 2010లో మోంట్‌బ్లాంక్ తన పేరు మీద సెంటు చేసి అమ్ముకునే హక్కు పారిస్‌లోని ఇంటర్‌పర్ఫమ్స్ అనే కంపెనీకిచ్చింది. లెజెండ్ వచ్చింది ఆ మరుసటి ఏడాదే. ఇంటర్‌పర్ఫమ్స్ వాళ్ళకి ఇలాంటి పేర్లు ఇంకా చాలా ఉన్నాయి. సెంటు వాళ్ళు తయారుచేయిస్తారు, వాళ్ళే అమ్ముతారు, పేరు వాడుకున్నందుకు కొంత రాయల్టీ చెల్లిస్తారు. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే ఇది పేరును కౌలుకివ్వడం. పొలం నాది, పంట నీది, కౌలు డబ్బులు ఏటా నాకు పంపు.

కౌలుకివ్వడం పాపమని నేననడం లేదు. పెన్ను అన్నది ఒకసారి కొంటే ముప్పై ఏళ్ళుండే వస్తువు. మంచి పెన్ను చేసినవాడు తన గిరాకీని తానే చంపుకుంటున్నట్టు. సెంటు సీసా మూడు నెలల్లో అయిపోతుంది. పెన్ను కొనలేనివాడు కూడా ఆ పేరును కొంత ఒంటి మీద చల్లుకోవచ్చు. లెక్క చూస్తే ఏ ఎంబీఏ విద్యార్థైనా ఇదే చేస్తాడు. మన టైటాన్ వాళ్ళు చేసిందీ ఇదే కదా: వాచీలతో మొదలై, నగలు, కళ్ళద్దాలు, 2013లో స్కిన్ సెంట్లు, ఆ తర్వాత తనైరా చీరలు. బెంగళూరు విలియం పెన్ వాళ్ళయితే ఎదురు నడిచారు: 2022లో అమెరికా వాళ్ళ షీఫర్ పెన్నుల పేరునే కొనేశారు. మన చిన్నప్పుడు మేనమామ అమెరికా నుంచి తెస్తే గొప్పగా చెప్పుకున్న పెన్ను పేరు ఇప్పుడు బెంగళూరు వాళ్ళది.

ఇవన్నీ దూరపు కబుర్లనుకుంటే మా దారిలోదే ఒకటి చెప్తాను.

మాది పినపాక. కొత్తగూడెం జిల్లాలో గోదావరి ఒడ్డు మండలం, అటు అడవి, ఇటు మణుగూరు బొగ్గు. మా ఊరి నుంచి భద్రాచలం వెళ్ళాలంటే బస్సు మణుగూరు, అశ్వాపురం దాటి సారపాక మీదుగా పోతుంది. సారపాకలో ఐటీసీ వాళ్ళ పేపర్ మిల్లు ఉంది. ఆ ఐటీసీ 1910లో సిగరెట్ల కంపెనీగా పుట్టింది. పేరులో ఆ "టీ" టొబాకోనే. 1970ల చివర సారపాకలో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ మొదలైంది. 2003లో క్లాస్‌మేట్ నోటుబుక్కులు. తర్వాత అదే పేరుతో పెన్నులు. 2013లో ఎంగేజ్ సెంట్లు. మధ్యలో విల్స్ లైఫ్‌స్టైల్ అని బట్టల దుకాణాలు కూడా పెట్టారు. సిగరెట్టు పేరే బట్టల పేరయింది, ఆలోచించండి.

అంటే హాంబర్గ్‌లో పెన్ను బయలుదేరి సెంటు దగ్గరికి చేరితే, మన దగ్గర సిగరెట్టు బయలుదేరి పెన్నునూ సెంటునూ రెండింటినీ పట్టుకుంది. ఎటు నుంచి మొదలైనా చివరికి అందరూ సెంటు కౌంటరు దగ్గర కలుసుకుంటున్నారు.

వాసన మాట వచ్చింది కాబట్టి. క్రాఫ్ట్ పద్ధతిలో నడిచే ఏ పేపర్ మిల్లు చుట్టుపక్కలైనా ఒక వాసన ఉంటుంది. కెమికల్ వాళ్ళకి తెలిసిందే: కట్టె ముక్కల్ని కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి ఉడకబెడతారు, అందులోంచి మెర్కాప్టాన్లు పుడతాయి. మన ముక్కు వాటిని వంద కోట్లలో ఒకటి రెండు వంతులున్నా పట్టేస్తుంది. సెలవులకి ఇంటికి పోతూ బస్సులో నిద్రపోతుంటే నన్ను లేపేది ఆ వాసనే. ఊరు ఇంకో గంటన్నరలో వస్తుందని దానర్థం. నాకు అది చెడ్డ వాసన కాదు, ఇంటి వాసన. మా వైపు పొలాల్లో పెరిగే జామాయిల్ ఆ మిల్లుకే పోతుంది, కాగితమై మన రికార్డు బుక్కుల్లోకి తిరిగొస్తుంది. మీరు ల్యాబ్‌లో సర్క్యూట్ గీసిన కాగితం ఒకప్పుడు మా పక్కింటివాళ్ళ జామాయిల్ తోటే కావచ్చు.

ఇంకో వాసన కూడా చెప్పాలి. నిరుడు స్నేహితుడి అక్క పెళ్ళికి రాజమండ్రి వెళ్ళినప్పుడు చేతితో చేసిన ఎబొనైట్ పెన్ను ఒకటి కొన్నాను. నల్లటిది, లావుపాటిది, లోపల గొట్టం గట్రా ఏమీ లేకుండా డ్రాపర్‌తో సిరా పోసుకునేది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో తెలిసిన వాసన. రెండు రోజులు గుర్తురాలేదు. తర్వాత తట్టింది. గంధకం. ఎబొనైట్ అంటే రబ్బరే, కాకపోతే టైరులో గంధకం రెండు మూడు శాతం ఉంటే ఇందులో పావు వంతు పైనే కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. అప్పుడది గట్టిపడి కొయ్యలాగా, కొమ్ములాగా అవుతుంది, లేతుకు ఎక్కించి చెక్కచ్చు. సారపాక మిల్లులో కట్టెను కాగితం చేసేదీ గంధకమే, రాజమండ్రిలో రబ్బరును పెన్ను చేసేదీ గంధకమే. మధ్యలో గోదావరి. రాత పనికి ఏదైనా అసలు పరిమళం ఉంటే అది ఇదే. ఏ కంపెనీ దీన్ని సీసాలో పెట్టి అమ్మదు లెండి.

(మా వైపు సీసాలో పెట్టదగ్గ వాసన ఒకటుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద నిలబడి చూడండి. రాలిన పువ్వుల మీంచి వచ్చే ఆ మత్తు తీపి వాసనకి ఎలుగుబంట్లే వస్తాయి. కన్నౌజ్‌లో వాన తడిసిన మట్టి వాసనని అత్తరు చేసి అమ్ముతారు. ఇప్పపువ్వుకు ఆ యోగం ఇంకా పట్టలేదు.)

ఇప్పుడు రాజమండ్రి సంగతి. మన క్లబ్బులో గోదావరి జిల్లాల వాళ్ళున్నారు, ఈ కథ వాళ్ళకి కంఠతా వచ్చుంటుంది, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. కోసూరి వెంకటరత్నం గారని రాజమండ్రిలో ఒక స్వర్ణకారుడు. బంగారం పని, అచ్చులు చెక్కే పని. స్వదేశీ రోజులు. ఏదైనా పనికొచ్చే వస్తువు మన చేతులతో తయారుచెయ్యమని గాంధీగారు అన్నారనీ, ఆయన పెన్ను ఎంచుకున్నారనీ చెప్పుకుంటారు. 1932లో రత్నం పెన్ వర్క్స్ పెట్టారు. ఆయన చేసిన పెన్ను జె.సి. కుమారప్ప ద్వారా గాంధీగారికి చేరింది. కుమారప్ప అప్పుడు కొత్తగా పుట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పనులు చూస్తున్నారు. 1935 జూలై 16న వార్ధా నుంచి గాంధీగారు రత్నం గారికి ఉత్తరం రాశారు. పెన్ను అందింది, వాడి చూశాను, బజార్లో దొరికే విదేశీ పెన్నులకు బదులుగా వాడుకోదగ్గదిగానే ఉంది అని దాని సారాంశం.

నాకు ఆ ఉత్తరంలో నచ్చింది, అందులో పొగడ్త లేకపోవడం. "అద్భుతం" అనలేదు. "చరిత్రాత్మకం" అనలేదు. వాడి చూశాను, పనికొస్తుంది అన్నారు. మన ప్రాజెక్టు గైడ్ ఎవరైనా ఇంత పొదుపుగా మెచ్చుకుంటే మనం బాధపడతాం. కానీ ఒక పనిముట్టుకి అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

ఇది గాంధీగారి మొదటి పెన్ను. రెండోది 2009లో వచ్చింది. మోంట్‌బ్లాంక్ వాళ్ళు గాంధీ జయంతికి ముందు, గాంధీ పేరు మీద ఒక పెన్ను తీసుకొచ్చారు. 241 మాత్రమే చేశారు. దండి యాత్ర 241 మైళ్ళు, అందుకని 241 పెన్నులు. 18 క్యారెట్ల బంగారు పాళీ, దాని మీద కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీ బొమ్మ. నూలు వడికినట్టుగా కనబడాలని పెన్ను చుట్టూ బంగారు తీగ చుట్టారు. క్లిప్పు మీద కాషాయ రంగు రాయి. వెల 11 లక్షల రూపాయల పైనే. ఆ 241 కాకుండా తక్కువ ధరలో మరికొన్ని వేలు. తక్కువ ధర అంటే లక్ష దాటినవే.

గొడవైంది. కేరళలో హైకోర్టుకెళ్ళారు. జాతీయ చిహ్నాలనూ నాయకుల పేర్లనూ వ్యాపారానికి వాడకూడదని 1950లో చేసిన చట్టం ఒకటుంది, దాని కింద. 2010లో కంపెనీ మన దేశంలో ఆ పెన్ను అమ్మకం ఆపేసింది.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఒక పక్క నూలు వడికిన గాంధీ, ఇంకో పక్క బంగారు తీగ చుట్టిన గాంధీ, ఎంత విడ్డూరం అని. నేనూ మొదట అక్కడే ఆగాను. వ్యాసం మొదటి ప్రతిలో హాంబర్గ్ వాళ్ళని నాలుగు పేజీలు తిట్టాను. రత్నం గారిని ఆకాశానికెత్తాను. పేరు అమ్ముకునేవాళ్ళు చెడ్డవాళ్ళు, పెన్ను చెక్కేవాళ్ళు మంచివాళ్ళు. ఎడిటరు అక్కకి పంపిస్తే ఆవిడ ఒక్క ముక్క రాసింది: "మరి నువ్వెందుకు కొన్నావు ఆ ఎబొనైట్ పెన్ను? రాయడానికేనా?"

నిజం చెప్పాలంటే, కాదు. నా పరీక్షలన్నీ పది రూపాయల పెన్నుతోనే రాశాను. ఆ ఎబొనైట్ పెన్ను కొన్నది చేతిలో బాగుంటుందని. నలుగురూ "ఏంటది?" అని అడుగుతారని. అడిగారు కూడా. మా వాడు ఒంటి మీద చల్లుకున్నదాన్ని నేను జేబుకు పెట్టుకున్నాను, అంతే తేడా.

అప్పుడు మా పెదనాన్న గుర్తొచ్చాడు.

మా పెదనాన్నకి బడి లేదు. పెద్దయ్యాక రాత్రి బడికి పోయి సంతకం ఒక్కటి నేర్చుకున్నాడు. చదవడం రాలేదు, కూడబలుక్కుని బస్సు బోర్డు చదువుతాడు, అది కూడా మణుగూరు బస్సయితేనే. కానీ నాకు గుర్తున్నప్పట్నించీ ఆయన చొక్కా జేబులో పెన్ను ఉంటుంది. మెరిసే క్లిప్పు బయటికి కనబడేలా. పెళ్ళికి పోయినా, బయ్యారం అంగడికి పోయినా, బ్యాంకుకి పోయినా. చిన్నప్పుడు ఒకసారి ఆడుకుందామని లాగి కాగితం మీద గీస్తే గీత పడలేదు. రీఫిల్లు ఎండిపోయి ఎన్నాళ్ళయిందో. "పెదనాన్నా, ఇది రాయట్లేదు" అంటే, "రాయకపోతే ఏందిరా, జేబులో ఉందిగా" అన్నాడు.

బ్యాంకులో సంతకం పెట్టాల్సొస్తే కౌంటర్ దగ్గర దారానికి కట్టిన పెన్ను అడుక్కుని పెట్టేవాడు. సొంత పెన్ను జేబులోనే. నాకప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు అర్థమవుతోంది. మా తాత అన్నిచోట్లా వేలిముద్రే వేశాడు. తునికాకు కల్లం దగ్గర, పోడు భూమి కాగితాల మీద, అప్పు పత్రాల మీద. వేలిముద్ర వేసేవాడితో మాట్లాడే తీరు ఒకటి, సంతకం పెట్టేవాడితో మాట్లాడే తీరు ఒకటి. స్టాంపు ప్యాడు ముందుకు తోస్తూ "ఇటు రా" అంటారు. జేబులో పెన్ను కనబడితే "కూర్చోండి" అంటారు. అందరూ అంటారని కాదు. కానీ ఆ ఒక్క మాట కోసం మా పెదనాన్న ఎండిపోయిన రీఫిల్లును ఇరవై ఏళ్ళు మోశాడు.

అది లైఫ్‌స్టైల్ గూడ్స్ కాకపోతే ఇంకేమిటి? ఆయన జేబులో ఉన్నది ఐదు రూపాయల మోంట్‌బ్లాంక్. రాయడానికి కాదు, కనబడటానికి. పెన్ను ఎప్పుడూ సగం సెంటే. కాబట్టి పెన్నుల కంపెనీ సెంటు అమ్మితే పవిత్రమైనదేదో మైలపడిందన్నట్టు నేను రాసిన నాలుగు పేజీలూ చించేశాను.

(చిన్న పిడకల వేట. ఆయన అంత కష్టపడి నేర్చుకున్న సంతకం ఇప్పుడు ఎవరూ అడగట్లేదు. రేషన్ షాపులో మిషన్ మీద వేలు. బ్యాంకు మిత్ర దగ్గర వేలు. తాత కాలం తిరిగొచ్చింది, స్టాంపు ప్యాడు బదులు ఎర్ర లైటు. బొగ్గు పనికి, కట్టె పనికి పోయి వేలి గీతలు అరిగిపోయినవాళ్ళది మిషన్ ఒప్పుకోదు. "ఇంకోసారి పెట్టు, గట్టిగా నొక్కు." కౌంటర్ వెనక ఉన్నవాడు మళ్ళీ "ఇటు రా" అంటున్నాడు.)

మరి నా అభ్యంతరమేమిటి? అసలు ఉందా? ఉంది, కానీ అది సెంటు మీద కాదు.

సెంటుకు కౌలుకిచ్చాక హాంబర్గ్‌లో ఇంకా పాళీలు చెక్కుతూనే ఉన్నారు. బంగారు రేకు వంచి, నొక్కి, చివర గట్టి లోహపు గుండు అతికించి, మధ్యలో వెంట్రుకంత చీలిక కోసి, మనిషి చేత్తో రాసి చూసి, చెవి దగ్గర పెట్టుకుని గీరుకునే చప్పుడు విని బయటికి పంపుతారు. అంటే బెల్టులూ వాచీలూ సెంట్లూ తెచ్చే పేరు మధ్యలో ఒక పాళీ పని బతికుంది. ఆ పని ఆగిపోతే మంచు గుర్తు వట్టి స్టిక్కరవుతుందని వాళ్ళకి తెలుసు. వ్యాపారం కోసమే కావచ్చు, కానీ నిలబెట్టుకున్నారు.

మన సంగతి చూడండి. రాజమండ్రిలో ఎబొనైట్ చెక్కే చేతులు ఇంకా ఉన్నాయి. రత్నం గారి కుటుంబాలున్నాయి, గైడర్ లాంటి ఇంకో పేరూ ఉంది. హైదరాబాద్ అబిడ్స్‌లో 1928 నాటి దక్కన్ పెన్ స్టోర్స్ ఉంది. రత్నం గారు స్వర్ణకారుడు కాబట్టి ఒకప్పుడు బంగారు పాళీ కూడా అక్కడే చేసేవారు. ఇవాళ మన దేశంలో చేత్తో చేసిన మంచి ఎబొనైట్ పెన్నులు కొనేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న "పాళీ జర్మనీదేనా?" హైడెల్‌బర్గ్‌లో బాక్, బెర్లిన్‌లో యోవో అని రెండు కంపెనీలు. ప్రపంచంలో చిన్న పెన్నుల దుకాణాలు చాలావరకు పాళీ కోసం వాళ్ళ మీదే ఆధారపడ్డాయి. మన దగ్గరా పాళీలు చేసేవాళ్ళున్నారు, ఢిల్లీలో కాన్‌రైట్ ఉంది. కానీ కొనేవాళ్ళ నమ్మకం ఇంకా జర్మనీ వైపే. ఒళ్ళు మనది, నాలుక వాళ్ళది. విదేశీ పెన్నుకు బదులుగా పుట్టిన పని, తొంభై ఏళ్ళ తర్వాత మళ్ళీ విదేశీ పాళీ దగ్గరికొచ్చి నిలబడింది.

ఇది తిట్టడానికి చెప్పడం లేదు. లేతు ముందు ముసలాయన కూర్చుని రోజుకి రెండు పెన్నులు చెక్కే చోట పాళీ పరిశోధన ఎవరు చేస్తారు? అది మన పని. అవును, మనదే. మెకానికల్, మెటలర్జీ వాళ్ళది. ఫస్టియర్ వర్క్‌షాపులో మనందరం లేతు మీద స్టెప్ టర్నింగ్ చేశాం, ఆ ముక్కను ఏం చేశాం? రికార్డులో సంతకం పడ్డాక స్క్రాప్‌లో పడేశాం. ఆ లేతు మీదే ఎబొనైట్ కడ్డీ బిగిస్తే పెన్ను వస్తుంది. పాళీ ఇంకా సరదా. స్టీలు రేకు మందం ఎంత ఉండాలి, చీలిక చివరికి పోతున్నకొద్దీ ఎంత సన్నబడాలి, సిరా కేశనాళిక గుణంతో ముందుకు రావడానికీ గాలి వెనక్కి పోవడానికీ ఫీడ్‌లో ఎన్ని కాడలుండాలి, చివరి గుండుకి ఏ మిశ్రమ లోహం, దాన్ని లేజర్‌తో ఎలా అతికించాలి. ఫ్లూయిడ్ మెకానిక్స్, మెటీరియల్స్, తయారీ, మూడు సబ్జెక్టులు ఒక చిటికెన వేలంత వస్తువులో. మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల్లో ఇంకో లైన్ ఫాలోయర్ రోబో లేకపోతే దేశానికి లోటేం రాదు.

రాజమండ్రి పెన్నువాళ్ళని సెంటు అమ్మమని కొందరు సలహా ఇస్తారు, మా స్టార్టప్ సెల్‌లో ఒక సీనియర్ అన్న నిజంగానే అన్నాడు: "ఆ పేరుకి ఎంత హెరిటేజ్ వాల్యూ ఉంది తెలుసా? గాంధీ ఉత్తరం ఉంది భయ్యా. బెల్టు, వ్యాలెట్, పెర్ఫ్యూమ్, దున్నేయచ్చు." అన్న చెప్పింది వ్యాపారంగా తప్పు కాదు. కానీ ఆ ఉత్తరంలో ఉన్నది "వాడి చూశాను, పనికొస్తుంది" అన్న మాట. ఆ మాటను వ్యాలెట్ మీద ముద్రిస్తే ఏమవుతుందో నాకైతే ఊహకందట్లేదు. పేరు కౌలుకివ్వాలంటే ముందు పొలం సాగులో ఉండాలి. ఇక్కడ సాగు చేసే చేతులు తగ్గిపోతున్నాయి, లేతు నేర్చుకునే పిల్లలు రావట్లేదు. మొదట పాళీ. తర్వాత కావాలంటే సెంటు. అప్పుడు నేనే మొదటి సీసా కొంటాను, గంధకం వాసనొచ్చినా సరే.

నా ఎబొనైట్ పెన్ను ఇప్పుడు నా దగ్గర లేదు. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు పెదనాన్న దాన్ని నా బ్యాగులో చూశాడు. తిప్పి తిప్పి చూశాడు. మూత తీసి వాసన చూసి, "రబ్బరు వాసనొస్తుందేందిరా" అన్నాడు. బరువు చూశాడు. నేనేం అనకముందే పాత పెన్ను తీసి కిటికీలో పెట్టి దీన్ని జేబుకు తగిలించుకున్నాడు. క్లిప్పు బయటికి కనబడేలా సర్దుకుని, "సిరా పోసే ఉందా?" అని అడిగాడు. ఉంది పెదనాన్నా, కారుద్ది జాగ్రత్త అన్నాను.

మరుసటి వారం అమ్మ ఫోన్ చేసి చెప్పింది. తెల్ల చొక్కా జేబంతా నీలం అయిందట. పెద్దమ్మ తిట్టిందట. ఆయన మాత్రం ఆ చొక్కా ఉతకనివ్వకుండా బయ్యారం అంగడికి అట్లాగే పోయొచ్చాడట.